గుండెకు గుండీ

దానా అని పెట్టుకున్నారు బిడ్డకు పేరు.
పనిలో చేరిన దినం నాకు నవ్వొచ్చింది.
మా రాజంపేట పక్క దాణా అంటే ఎద్దులకు పెట్టేది.
వీళ్ళ భాషలో ముత్యమంట.
ముత్యమే, తూకానికి కూడా.
నాలుగేండ్లు నిండినా పన్నెండు కేజీలు దాటలే.

జహ్రాలో ఈ ఇంటికి పదమూడు మెట్లు.
ఎత్తుకుంటానంటే ఒప్పుకోదు.
ఒకటి, రెండు, మూడు...
నేను నేర్పిన లెక్కే, నా యాసలోనే.
ఏడో మెట్టు కాడ కూలబడతాది
ముక్కుపుటాలు ఎగరేస్తా.
రెండేండ్లుగా మా ఇద్దరి లెక్కా ఏడుతోనే ఆఖరు.

డాక్టరు కాగితం మీద గీసి చూపించినాడు మేడంకు.
వెనక నిలబడి నేనూ చూసినా,
వంటింటి అరబ్బీలో చిక్కినంత పట్టుకున్నా.
రెండు గదులు, నడుమ గోడ, గోడకు బొక్క.
ఎద కొయ్యరంట.
తొడ మొదట్లో సూది గాటు,
నరం దోవలోనే సన్న గొట్టం పైకి పోతాదంట,
దాంట్లో ముడుచుకున్న తీగెల బిళ్ళ
గోడకు అటొక రేకు ఇటొక రేకు విప్పి
బొక్కను కరిచి పట్టుకుంటాదంట.
కేరళ నర్సమ్మ దాన్ని గొడుగు అనింది.
వానే పడని ఊర్లో గొడుగేంది తల్లీ,
నాకు గుండీ అంటే అర్థమైతాది.
దాని గౌన్లకు ఎన్ని కుట్టలేదు నేను!
గుండెకొక గుండీ.

గంటన్నర.
మేడం తస్బీ తిప్పతా ఉండాది.
నా ఒళ్ళో దానా చెప్పులు.
మా చెల్లెలి కొడుకూ ఇట్లే రొప్పేవాడు.
దిష్టి అన్నారు, మిరపకాయలు దిగదుడిచినాం,
తాయెత్తు కట్టినాం.
వాని చెప్పులు ఎవరికిచ్చినామో
ఎంత తలుచుకున్నా గుర్తు రాలే.

మాపటికి దుప్పటి ఎత్తి ఎదంతా వెతికినా.
కుట్టు యాడా లేదు.
తొడ మీద అరచేతిలో సగం పట్టీ.
"ఇంతేనా?" అన్నా తెలుగులోనే.
నర్సమ్మ వేలు పెదాల మీద పెట్టి
బిడ్డ కాలు కదలకుండా చూసుకోమనింది.

ఎగరకూడదు, దుంకకూడదు, దినానికొక మాత్ర.
నెల పైన చంకలోనే మోసినా.
ఈ పొద్దు చెయ్యి విదిలించుకునింది.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
ఐదు కాడికి నేనే వంగినా, అలవాటు, పట్టుకునేదానికి.
ఆరు. ఏడు.
కూర్చోలా.
కాలు పైమెట్టు మీద పెట్టి
నోరు తెరిచి ఆగిపోయింది.
రొప్పు కాదు.
ఎనిమిది నేనెప్పుడూ నేర్పలా.
మళ్ళుకోని నా మొగం చూస్తా ఉండాది.