తరుగు

ఊరి పేరులోనే పొద్దుంది.
మా ఇంట్లోనే లేదు.

ప్రొద్దుటూరు బంగారంగట్లో
పదకొండేళ్లుగా కౌంటరు వెనక నిలబడతాండా.
గురిగింజలో సగం తగ్గినా
కాటాలో అంకె మారకముందే నా కన్ను పట్టేస్తాది.
"తరుగు పన్నెండు శాతం, మజూరి వేరే అక్కా" అని
నవ్వు చెదరకుండా చెప్పడం నాకొచ్చు.
నా దినంలో తరుగెంతో
ఏ కాటా చెప్పలేదు.

కొళాయి ఒకరోజు నాలుక్కి, ఒకరోజు ఏడుకి,
ఒకరోజు ఉత్త గాలి.
పెద్దోడు శేషుకు జామెట్రీ బాక్సు దొరకదు,
అత్తకు బీపీ మాత్ర దొరుకుతుంది గానీ
వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు.
రుబ్బాల్సిన బియ్యం నానీ నానీ నన్నే చూస్తాంటాయి.
"ఒక్క నిమిషం" అని ఫోను తీస్తే
ఎవరో ముక్కూమొగం తెలియనామె
తన వంటిల్లు అద్దంలా సర్దుకుంటా
నా వంటింట్లో అరగంట ఎత్తకపోతాది.

జనవరిలో చార్టు గీసినా.
స్కేలు పెట్టి, మూడు రంగుల స్కెచ్చులతో,
నాలుగున్నరకు లేవడం మొదలు
పదికి పండుకోవడం దాకా.
మా లిఖిత దాని మూలన ఒక బాతును గీసింది.
ఫిబ్రవరికి
బాతొక్కటే వేళకు వేళ ఉండాల్సిన చోట ఉండె.

స్టాకు లెక్కుందని ఒకనాడు ఆరుకే రమ్మనిరి.
పోతే ఒక్క షట్టరూ లేవలేదు.
కంసాలి సందులో దస్తగిరమ్మ
పసిబిడ్డ తల దువ్వినట్టు
మెత్తని పొరకతో మట్టి ఊడుస్తాంది.
ఆకురాయి రాల్చిన నలుసులుంటాయి ఆ మట్టిలో.
ఊడ్చి, కడిగి, వారానికి రవ్వంత పోగేసి
ఆ రవ్వ మీద బతుకుతాది ఆయమ్మ.

చానాళ్లకు, ఊరికే కూచోని చూసే పొద్దు దొరికె.

ముందు టీ కప్పులు, గుట్కా కాగితాలు,
వక్కంత రాళ్లు ఏరి అవతల పడేసింది.
"అంతా కడగవా?" అంటి.
"అంతా కడిగేదానికి నేనేమన్నా పెన్ననా మేయ్?
పెన్నకే నీళ్లు ల్యా.
పారేసేది ముందు పారేస్తే
కడగాల్సింది దోసెడే."

కడిగింది. బేసిన్లో నీళ్లు బురదబురదైనాయి.
చేతులు కొంగుకు తుడుచుకోని
మూసిన షట్టరుకు చేరగిలబడి
వక్కాకు నముల్తా వీధి చూస్తా కూచునె.
పది నిమిషాలు. పదిహేను.
నాకైతే ఊపిరాడల్యా.
"పని మధ్యలో ఇదేంది, పొద్దు పోతాంది కదా?"
నా దిక్కు తిరగలేదు కూడా.
"నీళ్లు తేరుకోవద్దా?
బురదలో చెయ్యి పెట్టి దేవులాడితే
ఉండే నలుసు ఇంకా లోపలికి పోతాది."

ఇంటికొచ్చి చార్టు చించినా.
బాతున్న ముక్క మాత్రం గోడకుంచినా.

దిండు గలీబులకు ఇస్త్రీ మానేసినా,
వాటిని ఎవరూ అడగలేదు.
మాయన చొక్కాలకూ మానేసినా,
ఆయనకూ రెండు చేతులున్నాయని ఆ వారమే బయటపడింది.
ఫోనును బియ్యం డ్రమ్ములో దాచినా.
మూడో రోజు శేరుతో పాటు పైకొచ్చి
వెచ్చగా చేతిలో కూచుంది.
ఆ రాయి ఇంకా ఏరలేకుండా ఉండా.

తరుగు పోలేదు.
కాకుంటే ఏ సందులో రాలతాందో ఇప్పుడెరిక.

రాత్రి అంట్లు తోమినాక
మెట్టు మీద ఉత్తగా కూచుంటాండా.
పక్కింట్లో కుక్కర్ కూతలు లెక్కపెట్టను.
రేపటి టిఫిను గురించి అనుకోను.
అనుకుంటా, కానీ అడుగుకు దిగనిస్తా.

"చీకట్లో ఏం చేస్తాండావు?" లోపల్నుంచి మాయన.

"ఏంల్యా. నీళ్లు..." అన్నానో లేదో
కొళాయి వచ్చిందనుకోని
రెండు బిందెలెత్తుకోని ఉరికొచ్చినాడు, పాపం.