తుండుగుడ్డ లేని బేరం

మా నాయన పశువుల బేరగాడు.
కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ
తన తుండుగుడ్డ కింద కలిపేవాడు.
వేలు పడితే వెయ్యి, పిడికిలి నొక్కితే అయిదు,
అరచేతిలో గీస్తే సగం.
చుట్టూ యాభై మంది కళ్ళప్పగించి నిలబడ్డా
ధర ఎంతో ఎద్దుక్కూడా తెలిసేది కాదు.
పోయిన సంత గుర్తులు ఈ సంతలో చెల్లవు.

నాది ఒంగోలు కర్నూలు రోడ్డులో ఆరడుగుల కొట్టు.
హారన్లు, సీటు కవర్లు,
వెనక్కి పోయేటప్పుడు పాట పాడే బజర్లు,
అలారం పెట్టెలు.
పెట్టె ఏడొందల యాభై, బిగింపు నూట యాభై.
బొటనవేలంత రిమోటు, రెండు బొత్తాలు.
కుయ్ కుయ్‌మని కారు కళ్ళార్పితే
కొన్నవాడి మొహం చూడాలి,
కొత్త కోడెను తోలుకుపోయేవాడి మొహం.

కారుమంచి సింగయ్య మొహమూ అట్టాగే వెలిగింది
రెండేళ్ళ కిందట.

మొన్న టంగుటూరు వేలంలో ఆఖరి బేలు అమ్మి
బ్యాంకు బాకీ కట్టి
భార్య గాజులు నాలుగూ విడిపించి
కారు అరలో పెట్టి
బస్టాండు పక్కన దోసె తినడానికి దిగాడు.
బొత్తాం నొక్కాడు. కుయ్‌మంది.
ఒకసారి తిరిగి చూసి మరీ వెళ్ళాడు.
చెయ్యి కడుక్కొని వచ్చేసరికి
అద్దం పగల్లేదు, తాళం విరగలేదు,
అర మాత్రం ఖాళీ.

"నీ కుక్క మొరగలేదేంది జిలానీ" అన్నాడు.
తిట్టలేదు. తిట్టినా బాగుండు.

ఆ రాత్రి షట్టరు సగం దించాను.
పాలిటెక్నిక్ చదివే మేనల్లుడు అప్సర్
ల్యాప్‌టాప్‌కి వేలెడు పుల్ల గుచ్చి
"నొక్కు మావా" అన్నాడు.
తెర మీద గీతలు లేచాయి, పొట్టివీ పొడుగువీ.
మళ్ళీ నొక్కాను. అవే గీతలు.
పదిసార్లు నొక్కాను.
పదిసార్లూ అదే మాట.
"గాల్లోకి కేకేసి చెబుతోంది మావా,
విన్నోడెవడైనా తిరిగి అనొచ్చు.
కారుకి గొంతు తెలీదు, మాటే తెలుసు."

ఇంకో పెట్టె విప్పాం.
దాని మాటా అదే.
నొక్కగానే
బయట కరెంటు లేని వీధిలో
మూడు కార్లు కళ్ళు తెరిచాయి.
ఒకటి పక్కింటి మెస్సు వాళ్ళది,
ఒకటి నర్సు సువార్తమ్మది.
మూడోది అసలు నేను బిగించిందే కాదు.

సరుకిచ్చే ఆసామికి ఫోను చేశాను.
నొక్కినప్పుడల్లా మాట మార్చేవి ఉన్నాయంట,
ధర నాలుగింతలంట.
"దొంగకి అంత చదువుంటే
ఉద్యోగం చేసుకోడా" అని నవ్వాడు.
నాక్కూడా నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక పోయింది.

లెక్కల పుస్తకంలో రెండొందల పన్నెండు పేర్లు.
రోజుకి పది మందికి ఫోను చేస్తున్నా.
సగం మంది ఎత్తరు.
"నా కారులో ఏముందిలే, పాత గొడుగు" అన్నాడొకాయన.
సువార్తమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత మెల్లగా అడిగింది:
"రాత్రి డ్యూటీ దిగి కారెక్కేసరికి
వెనక సీట్లో ఎవడన్నా కూర్చొని ఉంటే?"

ఇన్నాళ్ళూ నేను గాజులే లెక్కపెడుతున్నా.

నిన్న సింగయ్య మళ్ళీ వచ్చాడు.
రిమోటుని తుండుగుడ్డలో మూడు మడతలు చుట్టి తెచ్చాడు.
"ఇట్టా నొక్కితే వినపడదు కదా?"
గాలికి గుడ్డ ఎక్కడ కప్పేది,
ఎట్టా చెప్పేది ఆయనకి.

వైర్లు కత్తిరించి పెట్టె ఊడదీశాను.
తాళంచెవి చేతిలో పెట్టి
"తిప్పు. ఇప్పుడు తలుపు లాగి చూడు" అన్నాను.
లాగాడు. రాలేదు.
మళ్ళీ లాగాడు.
తొమ్మిదొందలు వెనక్కిస్తే తీసుకోలేదు.
గుడ్డ మాత్రం నా బల్ల మీద మర్చిపోయి పోయాడు.