పాత ఫైలు

టీవీల రౌండ్లు లెక్కవెడ్తుండ్రు గానీ
మా రాంనగర్ల ఫలితం
ముందుగాల నా ఫోనుకొస్తది.

పొద్దున ఎనిమిదింటికి రెండు ఫైళ్లు తెరిచిపెట్టిన.
ఒకటి సిట్టింగు సారుది, ఒకటి కొత్తాయనది.
ఇద్దరి అడ్వాన్సులు ఖలీల్ భాయ్ గల్లాల
కొట్లాట లేకుండ పక్కపక్కనే పన్నయి.
కొత్తాయన మనుషులు ఆత్రం ఆగక
రాత్రే మూడు అచ్చేయించిండ్రు, పది బై ఎనిమిది.
మెషీను పక్కన చుట్టలు చుట్టి ఉన్నయి.

ఆరో రౌండు దాకా ఫోను సప్పుడు జెయ్యలే.
ఏడో రౌండుల మొదటిది:
"తమ్మీ, సారు ఫ్లెక్సీల నా ఫోటో ఉన్నదా?"
పేరు చెప్పకముందే గుర్తువట్టిన.
నెల కింద నా కుర్సీ ఎన్క నిలవడి
"అండ్లకెల్లి తీసెయ్, ఇండ్ల ఎక్కియ్" అన్న దశరథన్న.

పదో రౌండుకు ఇంకిద్దరు.
పన్నెండుకు ఒకాయన,
"నా మొకం కన్నా కుమారస్వామి మొకం పెద్దగున్నదంట, జర చూడు."
కింది వరుసల గుండ్రాలు జరుపుతున్న
కిక్కిరిసిన బస్సుల సీటు సర్దినట్టు.

సారుకు కొత్త ఫోటో అక్కర్లేదట.
"పోయినసారిదే పెట్టు, అండ్ల మంచిగ నవ్విండు" అన్నడు పీఏ.
ఐదేండ్ల కిందటి ఫైలు.
అదే తెల్లంగి, అదే దండం,
ఎంటికలు ఇప్పటికన్నా జర తక్కువ నలుపు.
తారీఖు మార్చిన.
కింద మూలకు సన్నగ ఒక లైను:
ఆరు నెలల్లో నాలా పని పూర్తి.
తీసెయ్యాల్నా అనడిగిన.
అటు దిక్కు కొద్దిసేపు ఫ్యాను సప్పుడే.
"ఉండనీ," అన్నడు.

పద్దెనిమిదో రౌండుకు పటాకులు.
గల్లీ అంతా గులాలు, మందు వాసన.
నా వేలు మీది ఓటు సిరా
మెజెంటా కింద ఎటువోయిందో కానొస్తలేదు.

చీకటి పడ్డంక మిర్చిబండి ఈదమ్మ వచ్చింది,
చీర కుచ్చిళ్లు మోకాలి దాకా ఎత్తుకొని.
నాలా మళ్లా పొంగిందట.
మెషీను పక్క చుట్టల దిక్కు చూసింది.
"ఓడినాయనవి ఎవలన్నా తీస్కపోతరా?"
బాకీ పైసలే ఇయ్యలే, ఇంక ఎవలొస్తరు అన్న.

"అయితే ఒకటి నాకియ్యి బిడ్డా.
పోయినసారి గెలిచినాయన్ని కప్పిన బండికి,
రెండు వానలకే చినిగిండు.
ఈయన ఎన్నొద్దులు ఆగుతడో చూద్దాం."

ఖలీల్ భాయ్ నమాజుకు పోయిండు.
నాలుగు మూలలకు ఐలెట్లు కొట్టిచ్చిన.
పైసలు అడగలే.