గాలి ఆపే కొలువు

మా తాత బాలనర్సు దేవిడీల పంకా లాగేటోడు.
గోడకవతల వరండాల వెల్లకిలా పండుకొని
కాలి బొటనవేలికి తాడు కట్టుకొని.
లోపల ఎవరు కూసున్నరో ఎన్నడూ చూడలే.
తాడు దూరే చిల్లులకెల్లి వచ్చే అత్తరుతోనే
మనుషులను గుర్తు పట్టేటోడు:
మొగిలిపువ్వైతే దివాన్ సాబు,
వట్టివేరైతే పెద్ద బేగం,
ఏ వాసనా లేకుంటే అప్పు అడగొచ్చినోడు.

చార్‌కమాన్ ఎనక గల్లీల
బందగీ మియా పొద్దంతా సుత్తె కొట్టేటోడు.
తోలు పుస్తకం, పుటకొక వెండి ముక్క.
చదవనీకి కాదు, దంచనీకి పుస్తకం.
పగటీలికి వెండికి బరువు పోయేది.
పొద్దుమీకికి మిగిలేది ఒట్టి మెరుపు,
తుమ్మితే లేచిపోయే మెరుపు.

దావత్ రాత్రి
తబుకుల నిండ బాదం కీ జాలీ పరిచి
వంటమేస్త్రి ఒక్కటే మాట అనేటోడు:
"హవా బంద్."
తాత కాలు ఆగేది.

గాజు దీపాల కింద రెండొందల మంది
చెమటల ఉడికేటోళ్లు.
ముత్యాల సరాలు మెడకు అతుక్కునేవి,
షేర్వానీల జరీ గుచ్చేది,
విసనకర్ర ముట్టనీకి ఏ నవాబుకూ హక్కు లేదు.
కుంచె కొసకు అంటిన ఒక్కొక్క వర్ఖూ
మిఠాయి మీద వాలేదాక.

"గా జర్రసేపే బిడ్డా,
నా కాలు నాదైతుండె" అనేటోడు తాత.
ఆ రోజు ఏం తిన్నవే అంటే మాట మార్చేటోడు.
వెండి రుచి ఎట్లుంటదే అంటే
"రుచేముంటది? కొట్టినోని చెయ్యి రుచి" అనేటోడు.
తిని చెప్పిండో, విని చెప్పిండో.

దేవిడీ జాగల ఇప్పుడు ఫంక్షన్ హాలు.

నా మొదటి జీతం నాడు పత్తర్‌గట్టీ పోయి
వర్ఖు అద్దిన మిఠాయి పావుకిలో తెచ్చిన.
డబ్బా మూత తీస్తుంటే తాత లేచిండు.
గోడ పట్టుకొని, వంకర తిరిగిన బొటనవేలు ఈడ్చుకుంట
స్విచ్చు దాక పోయి
ఫ్యాను బంద్ చేసిండు.

మే నెల. రేకుల ఇల్లు.
అమ్మ కొంగు కూడా ఆడియ్యలే.
రెక్కలు ఆఖరి చుట్టు తిరిగి ఆగినయి.
తాత మంచం మీద కాలు బారజాపుకొని
ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే

ఊపిరి తీసుకోనీకి
మేమంతా ఆయన దిక్కు చూసినం.