నొక్కాక, కదిలేలోపు

"నాను నొక్కినానమ్మా, ఆడే కదల్నేదు" అన్నాడు లోహిత్.
ఓడినోడికి వంద సాకులన్నాను
పొయ్యి మీంచి చేపల పులుసు దించుతూ,
వెనక్కి తిరక్కుండానే.

పలాసలో జీడిపప్పు బట్టీ వాళ్లబ్బాయి
ఆడి ఆడి మొహం మొత్తి అమ్మేసిన గేమ్ పెట్టె అది.
రెండు కంట్రోలర్లు.
ఒకదానికి ఎడమ బొటనవేలి రబ్బరు అరిగిపోయింది,
లోపల వణుకు మోటారు ఎప్పుడో చచ్చింది.
వీడికి దక్కింది అదే.

మూడో రాత్రి వాడు వాదించలేదు.
కంట్రోలర్ని మంచం మీద బోర్లా పెట్టి
గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నౌపడా స్టేషన్లో సిగ్నళ్లు బాగుచేసేదాన్ని నేను.
లైటు వెలగలేదంటే
పోర్టరు మాట నమ్మి అర్ధరాత్రి టార్చి పట్టుకెళ్తాను.
కన్నకొడుకు మాటకి మాత్రం
ప్రూఫు కావలసివచ్చింది.

ఫోన్లో నెమ్మది వీడియో తీశాను.
బొటనవేలు దిగింది.
తెరమీద ఆటగాడు నిలబడే ఉన్నాడు.
ఇంకా నిలబడే ఉన్నాడు.
బంతి కాళ్లసందులోంచి జారిపోయాక
తన్నాడు, గాలిని.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది:
లోపాన్ని వెతక్కు, దారిని సగానికి కొయ్యి.
ఒక సగం మంచిదైతే రెండోదే దొంగ.
కంట్రోలర్నుంచి పెట్టెకి తీగ తగిలించాను.
అదే ఆలస్యం.
అంటే తప్పు గాలిది కాదు, వేలిదసలే కాదు.
టీవీది.
వచ్చిన ప్రతి బొమ్మకీ పౌడరద్ది, అంచులు దిద్ది
అప్పుడుగానీ గడప దాటనివ్వని టీవీ.
సెట్టింగుల్లో ఎక్కడో అడుగున 'గేమ్ మోడ్' దొరికింది.
ముస్తాబు మాన్పించాను.
రంగులు కాస్త వెలిశాయి,
కాలు మాత్రం వెంటనే లేచింది.

తీగ పీకేస్తే మళ్లీ అప్పుడప్పుడూ నత్తి.
లోపాలు జంటగా తిరుగుతాయి, నాకు తెలుసు.
ఛార్జింగు నిండా ఉంది.
వెనక సూదిబెజ్జంలో పిన్నీసు గుచ్చి
ఇద్దరికీ విడాకులిప్పించి మళ్లీ పెళ్లి చేశాను.
నత్తి పోలేదు.

నేలమీద కూచుని, పెట్టె ఎత్తునుంచి చూస్తే అప్పుడు కనబడింది:
ఎదురుగా మా అత్త స్టీలు కంచాల స్టాండు,
వెనక ఆనుకుని వైఫై డబ్బా, హార్డ్ డిస్కు.
సంతలో అందరూ ఒక్కసారే అరుస్తుంటే
ఈ గుంటడి ఒక్క మాట ఎవడికి వినపడుద్ది?

మా నాన్న తవిటయ్య ఇదే స్టేషన్లో లీవర్లు లాగేవాడు.
లీవరిక్కడ, సిగ్నలు చెయ్యి అర కిలోమీటరవతల
ఉప్పుమడుల గట్టుమీద.
వైశాఖంలో తీగ సాగిపోయి చెయ్యి సగమే వాలేది.
కేబిన్లోంచి చూడకుండానే "పడ్నేదు" అనేవాడు.
తీగ తిరిగొచ్చి మణికట్టుకి చెప్పేదట.

ఈ గాలిలో కబురు పోవడమే గానీ
ఏ తీగా తిరిగొచ్చి చెప్పదు.
వాడి మణికట్టు దగ్గర ఉన్నదల్లా
నేను నొక్కాను అన్న నమ్మకం.
దాన్నే నేను సాకన్నాను.

తెల్లారి పళ్లు తోముకుంటున్నవాడి దగ్గరికెళ్లి
"నువ్వు నొక్కినావురా" అన్నాను.
మూడు రోజులు పట్టింది నాకు.
దీనికి ఏ సెట్టింగులోనూ మోడ్ లేదు.
నురగ నోటితో "ఊఁ" అన్నాడు, అంతే.

కంచాలు అటక మీదికెక్కాయి.
అత్త రోజూ అడుగుతోంది దేనికని.

ఆదివారం గేట్‌మ్యాన్ దాలయ్య కొడుకుతో ఆడి
మూడు ఒకటితో మళ్లీ ఓడిపోయాడు.
ఈసారి ఏమీ అనలేదు.
తన బొటనవేలి వంక
చాలాసేపు చూసుకున్నాడు.