తొమ్మిది చుట్లు

బుధవారం సాయంత్రాలు, స్కిప్టన్‌లో,
సంత ఎత్తేశాక చేపల వాసన మిగిలిన వీధి దాటి
లైబ్రరీ పైగదికి వెళ్తాను.
అక్కడ ఎనిడ్ మెట్కాఫ్ నాకు బులియన్ ముడి నేర్పుతోంది.

నేర్పడమంటే, నోటితోనే.
వణికే చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని
వాటిమీద ఉన్ని టోపీ కప్పుకుంటుంది,
పిట్టపిల్లల్ని దాచినట్టు.

"పైకి తియ్యి. కొంచెం అవతల దించు.
మొన మళ్ళీ మొదలుపెట్టిన చోటే తేల్చు.
ఆగు! లాగకు.
సగం గుడ్డలో, సగం గాలిలో ఉండనీ."

నాకు చేతకానిది అదొక్కటే.
పొద్దున్నుంచి ఆసుపత్రిలో నా పనే
సూది దించడం, రక్తం తీయడం, లాగేయడం, దూది అద్దడం.
"చీమ కుట్టినట్టుంటుంది, అంతే."
ఇక్కడివాళ్ళు "గీరుకున్నట్టు" అంటారు,
నేను మాత్రం చీమనే నమ్ముకున్నాను.
రోజుకి నలభై మంది, నలభై చీమలు.

మా భాషలో చీమా కుడుతుంది, దర్జీ కుడతాడు,
పక్క కుర్చీలో ప్రూడెన్స్ గొర్రెని చూస్తే
నా కన్నూ కుడుతుంది.
ఒక్క నేనే కుట్టలేకపోతున్నాను.

సూది మొనకి తొమ్మిది చుట్లు చుట్టాలి.
ఏడో చుట్టుకే దారం బిగుసుకుంటుంది,
లాగితే మధ్యలో ఉరి.
కత్తిరించు. మళ్ళీ.
నెల తిరిగినా నా గొర్రెకి ఒక చెవీ, ఆకలి ముఖమూ.
ఒంటిమీద బొచ్చు లేదు.

కిందటి గురువారం నా గదిలోకి ఎనిడ్ వచ్చింది,
డాక్టరు కాగితంతో, చొక్కా చేయి ముందే మడిచి.
నరం దొరకలేదు.
రెండుసార్లు గుచ్చి తప్పాను. నా చెవులు వేడెక్కాయి.
"బొటనవేలు," అంది కిటికీ వైపు చూస్తూ.
"నొక్కకు. పట్టుకో."

పట్టుకున్నాను.
చర్మం కింద నీలంగా ఏదో పొర్లి, నిలిచింది.
గొట్టం నిండేదాకా అలాగే ఉన్నాం,
సూది సగం ఆవిడలో, సగం గాలిలో.
ఆవిడ చేయి వణకడం మానలేదు,
నేనే దానితోపాటు కొంచెం ఊగాను.
"చీమ పెద్దదే," అంది.

ఈ బుధవారం బయట వాన.
చుట్లన్నీ బొటనవేలి కింద పట్టి
సూదిని దాని దారిన పోనిచ్చాను.
గొంగళిపురుగులా ఒత్తిగిలి పడుకుంది ముడి
గొర్రె వీపు మీద, కాస్త వంకరగా.
గదిలో అందరికీ చూపించాను, సిగ్గు లేకుండా.

ఎనిడ్ టోపీ కిందనుంచి ఒక చేయి తీసి
కళ్ళు మూసుకుని వేలికొసతో తడిమింది,
ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

"ఎనిమిదే చుట్టావు," అంది.