నాలుగు బై రెండు

మా అవ్వ చీరలు పాతబడితే
సిరొంచ ఠాణాకు పోయేవి.

నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు.
కత్తెరేస్తే వంకర పోతది, పోగు వెంబడి చించాలె అని
ఆయుధాల కొట్టు చూసే మా నాయిన, ఓదెలు జమాదారు,
పెళ్లిబట్టలకు పెట్టని పట్టింపు
ఆ పేలికలకు పెట్టేవాడు.

నాకు తెలిసిన మొదటిది త్రీనాట్‌త్రీ.
అక్రోటు కట్టె, ఇత్తడి మడమ,
మెడ మీద కిరీటం, కింద 1917.
ఏ దేశపు బురదకని పుట్టిందో
ముసలితనానికి ప్రాణహిత ఒడ్డు చేరింది.
దాని చూపుపట్టీ మీద రెండువేల గజాల దాకా గీతలు.
"రెండువేలంటే ఏరు దాటి అవతల, బిడ్డా.
టేకడవిల ముప్పై అడుగుల మీదున్నది
మనిషో మొద్దో దీనికీ తెల్వదు, నాకూ తెల్వదు."
ఒక్కో గుండుకు ఒక్కోసారి బోల్టు లాగాలి.
లాగి, నెట్టి, మడిచేలోపు
మనసు మార్చుకునే సందొకటి ఉండేదని కూడా అన్నాడు గానీ
అది రిటైరయ్యాక, ఇప్పసారా రెండో గ్లాసు మీద.

మూలకు ఒక స్టెన్‌గన్ను, నల్లా పైపు లెక్క.
కిందపడితే దానంతటదే పేలుతదట.
అవ్వ దానికి గుడ్డ ఇయ్యనన్నది.

ఎస్సెల్లార్ వచ్చిన ఏడు అది సరిగ్గా నా ఎత్తు.
పక్కన నిలబెట్టి కొలిచి నాయిన తిట్లు తిన్నాను.
బోల్టు అదే లాక్కుంటది, దాని పొగ అదే మింగుతది,
అందుకే పేలికలు రెండింతలు.
ఆ ఏడే అవ్వ నీలం చీర, ఇంకా చిరగనిది, పోయింది.

లోపలికి చీటీ కట్టుకొని వచ్చినవి వేరే.
పుంగాటి మాసా పేరున ఒక బర్మారు,
జీపు స్టీరింగు రాడ్డు గొట్టం, మద్ది కట్టె,
అడవిపందుల కోసమని పంచనామాలో ఉంది.
గోనెసంచిలో ఒక ఏకే,
ఎవరికీ చదవరాని అక్షరాలు, వంగిన పొట్ట.
నాయిన దాన్లో ఒక్కసారే గుడ్డ దూర్చి
తీసి చూసి, మాట్లాడకుండా పెట్టేశాడు.

ఆఖరున ఇన్సాస్.
కట్టె లేదు, ప్లాస్టిక్కు. గుండ్లు బయటికి కనబడే మేగజీను.
నాగపూర్ నుంచి వచ్చిన ఉస్తాదు చెప్పాడట:
గుండు సన్నగైతే జవాను ఎక్కువ మోస్తాడు,
చచ్చినోడు ఒక్కడే పోతాడు,
దెబ్బ తగిలినోణ్ని మోయడానికి ఇంకో ఇద్దరు పోతారు.
నాయిన ఇంటికొచ్చి అవ్వకు ఆ లెక్క చెప్పలేదు.
గుడ్డ ఇంకా చిన్నగ చించమన్నాడు, అంతే.
"మంచిదే," అన్నదామె, "చీర రెండేళ్లొస్తది."

త్రీనాట్‌త్రీలను ఒకనాడు వరసగా పరిచి
గ్యాస్ కట్టరుతో కోశారు.
నాయిన కుడిచెవి అప్పటికే పోయింది,
ఆ చప్పుడుకు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడ్డాడట.

వాడిన పేలికల్ని ఆయన ఎప్పుడూ కాల్చేసేవాడు,
ఠాణా వెనక, లెక్కబెట్టి.
మొన్న ఆయన ట్రంకు సర్దుతుంటే
యూనిఫారం జేబులో ఒకటి దొరికింది.
నల్లగా, బిగుసుకపోయి, అంచున కొంచెం పసుపు.
అవ్వనడిగితే ఆ చీర గుర్తుందన్నది,
ఆ రాత్రి ఆయన అన్నం తినలేదన్నది,
ఎందుకో అడగలేదన్నది.

టేపు తెచ్చి కొలిచాను.
నాలుగు బై రెండు కాదు.
చిన్నది.